బూడిద మిగలని కాగితం

కాగితాల మధ్య బతికే మనిషిని నేను. తెల్ల కాగితాలు, రూళ్ళ కాగితాలు, ప్రూఫులు, చింపి పారేసినవి, చింపలేక దాచుకున్నవి, ఇల్లంతా అవే. "మనింట్లో బియ్యం డబ్బా మూత తీసినా నీ నవల్లో ఓ పేజీ దొరుకుతుంది" అంటూంటారు మావారు. అందుకని కాగితం గురించి నాకొకరు కొత్తగా చెప్పేదేముంటుందిలే అనుకునేదాన్ని.

పోయిన వేసవిలో ఆ గర్వం కాస్తా దిగిపోయింది. మా సుబేదారిలో, ఎదురింటి అమ్మాయి చేతిలో, ఓ గుండ్రటి తెల్ల కాగితం చూశాను. అరచేయంత వుంటుంది. దానిమీద ఎవరూ ఏమీ రాయరు. దాని గొప్పతనమంతా కాలిపోవడంలో వుంది. కాలిపోయాక తన తాలూకు బూడిదంటూ మిగల్చకుండా పోవడంలో వుంది.

ఆ కాగితమే నా తప్పు నాకు చూపించింది. ఎలాగో చెబుతాను.

సుబేదారి అంటే హనుమకొండలో కలెక్టరాఫీసు వున్న పేట. నైజాం కాలంలో వరంగల్ సుబాకి పెద్ద అధికారి సుబేదారు. ఆ పదవి పోయింది, పేరు మిగిలింది. అధికారుల పేట గనకనో ఏమో, ఇక్కడి నీళ్ళు తాగితే కాస్త తీర్పులు చెప్పే గుణం వస్తుందని నా అనుమానం. నాకు వచ్చింది గనక అంటున్నాను.

వేసవి వచ్చిందంటే మా వూళ్ళో ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోవాల్సిందే. ఎనుమాముల మార్కెట్టుకి లారీల కొద్దీ మిరపకాయలు వస్తాయి. తేజ కాయ ఘాటుకి, చపాటా కాయ రంగుకి. టమాటాలా బొద్దుగా వుండే ఆ చపాటాకి 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రెండూ కలిపి తెప్పించి, డాబా మీద ఆరబోసి, ముచ్చికలు తీసి, దంచడానికి అవ్వకిస్తాను. గిర్నీలో పట్టిస్తే పావుగంట పని. కానీ గిర్నీ వేడికి కారం వాసన పోతుందని మా అత్తగారి నమ్మకం. ఆవిడ రోలూ, ఆ నమ్మకమూ రెండూ నాకు సంక్రమించాయి.

అవ్వకి అరవై దాటి వుంటాయి. మా వీధిలో ఓ పదిళ్ళకి ఆవిడే కారం దంచుతుంది. రోకలి ఎత్తి వేస్తూంటే ఆ చప్పుడుకి ఓ వరస వుంటుంది. నేను రాసుకుంటూ ఆ వరస విని వాక్యాలు ముగించిన రోజులున్నాయి.

సరే. పోయినేడు పచ్చడి పెట్టాం. ఇరవై కాయల పచ్చడి. మూడోనాడు కలిపి, ముద్ద మావారికి పెట్టాను. నోట్లో పెట్టుకుని ఆగిపోయారు. రెండో ముద్దకీ అంతే.

"మామిడికాయ పచ్చడా, మానేరు ఇసుకా?" అన్నారు.

నేనూ తిని చూశాను. పంటికింద కరకరా అంది. నూనె, ఆవపిండి, వెల్లుల్లి, నా రెండు రోజుల చాకిరీ, అంతా బూడిదలో పోసినట్టయింది. అవ్వని పిలిపించాను.

"ఏం కలిపావు?" అన్నాను.

"ఏమన్నా కలిసిందా?" అని అడగలేదు, గమనించండి. నవలలు రాసే మనిషిని. ఆ రెండు మాటలకీ వున్న తేడా నాకు తెలియనిది కాదు.

"నేనెందుకు కలుపుతనమ్మా? మన్ను కలిపితే నా రోకలి పోదా?" అంది అవ్వ.

నిదానంగా ఆలోచిస్తే అది మంచి జవాబే. కానీ కోపంలో వున్నవాళ్ళకి మంచి జవాబు చెబితే కోపం తగ్గదు, ఇంకా పెరుగుతుంది. ఒప్పుకున్న కూలి డబ్బుల్లో సగం ఆవిడ చేతిలో పెట్టాను. అవ్వ లెక్కపెట్టలేదు. కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది.

అక్కడితో ఆగితే బాగుండేది. సాయంత్రం కూరగాయల బండి దగ్గర నలుగురం కలిశాం. మాటవరసకే అన్నాను, ఈసారి కారంలో ఇసుక వచ్చిందని. "ఇటుకపొడి కూడా కలుపుతారటండీ, రంగు కోసం" అని ఒకావిడ అందుకుంది. నేను అవుననలేదు. కాదని కూడా అనలేదు. మర్నాటికి నా ఇసుక ఇటుకపొడి అయింది. వారం తిరక్కుండా అవ్వ మా వీధికి రావడం మానేసింది. మానేసిందో, మేమే మాన్పించామో.

ఎదురింటి అమ్మాయి డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. నన్ను అక్కా అని పిలుస్తుంది. తనకీ కారం దంచిందీ అవ్వే. సంగతి తెలిసి మా ఇంటికి వచ్చింది.

"అక్కా, ఇసుక వుందో లేదో నాలుకకి తెలుస్తుంది. ఎంత వుందో, ఎప్పుడు వచ్చిందో నాలుకకి తెలీదు. మా పిల్లల ప్రాక్టికల్‌కి ఎలాగూ ఏదో ఒక సాంపిల్ కావాలి. మీ కారం కొంచెం ఇవ్వండి. దంచగా మిగిలిన కాయలేమన్నా వున్నాయా?"

తాలింపుల కోసం తీసిపెట్టినవి డబ్బాలో వున్నాయి. అవీ ఇచ్చాను. తమ ఇంటి కారం మూడో సాంపిల్‌గా పెట్టుకుంది. అది కూడా అదే వారంలో, అదే రోట్లో, అదే చేత్తో దంచిన కారం.

"చూడ్డానికి నేనూ రావచ్చా?" అన్నాను. నేను బి.ఏ. చదివినదాన్ని. కెమిస్ట్రీకీ నాకూ వున్న చుట్టరికం సబ్బు నురగ దాకానే. అయినా కోర్టులో తీర్పు వినడానికి వెళ్ళే ఫిర్యాదీ ధీమాతో వెళ్ళాను.

అక్కడ జరిగేది మన వంటింటి పనికంటే మరీ దూరమేమీ కాదు. రెండు గ్రాముల కారం పింగాణీ గిన్నెలో తూచి పోశారు. మొదట సన్నని సెగ మీద పొగ పోయేదాకా మాడ్చారు. తర్వాత 550 డిగ్రీల కొలిమిలో పెట్టారు. ఎర్రటి కారం నల్లబడి, చివరికి తెల్లగా, బూడిదరంగుగా ఓ చిటికెడు మిగిలింది.

"ఇదేనా ఇసుక?" అన్నాను ఆత్రంగా.

"తొందరపడకండి అక్కా. ఇందులో కాయకి సొంతమైన బూడిద వుంది. నేలలోంచి మొక్క పీల్చుకున్న పొటాషియం, కాల్షియం లాంటివి. అది కాయ స్వభావం, తప్పు కాదు. ముందు దాన్ని తీసెయ్యాలి."

ఆ బూడిదలో పల్చటి హైడ్రోక్లోరిక్ ఆసిడ్ పోసి కాస్సేపు వేడిచేస్తే కాయ తాలూకు బూడిద కరిగిపోతుంది. ఇసుక కరగదు. అప్పుడు వడకడితే ఇసుక పైన నిలుస్తుంది. దాన్ని తూస్తే సరి.

చట్టానికి కూడా ఈ తేడా తెలుసునని అప్పుడే విన్నాను. 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం కింద పెట్టిన ప్రమాణమే, 2006లో ఆహార భద్రతా చట్టం వచ్చాకా నడుస్తోంది. కారంలో మొత్తం బూడిద నూటికి 8 వంతులు దాటకూడదు. అందులో ఆసిడ్‌కి కరగని బూడిద 1.3 వంతులు దాటకూడదు. అంటే ఇసుక అసలు వుండకూడదని చట్టం కూడా అనలేదు. మిరపకాయ మట్టిలో పుట్టి, మట్టి మీద ఆరి వస్తుంది. కాస్త మన్ను అంటుకునే వస్తుంది. చట్టం ఆ కాస్తా క్షమించింది. అవ్వని నిలదీసిననాడు నాకు ఆపాటి దయ కూడా లేకపోయింది.

అయితే ఒక చిక్కుంది. వడకట్టిన కాగితం మీది ఇసుకని గీకి తియ్యడం కుదరదు. సగం కాగితానికే అంటుకుంటుంది. అందుకని కాగితంతో సహా కొలిమిలో పెట్టి కాల్చేస్తారు. కాగితం పోతుంది, ఇసుక మిగులుతుంది. మరి కాగితం తాలూకు బూడిద ఆ ఇసుకతో కలిసిపోతేనో?

ఇదిగో, ఇక్కడే నా కాగితాలు పనికి రానివయ్యాయి. మనం రాసుకునే కాగితం నున్నగా, తెల్లగా వుండడానికి సుద్దపొడి, తెల్లని బంకమట్టి లాంటివి కలుపుతారట. కాలిస్తే నూటికి పది వంతుల పైన బూడిద మిగలడం మామూలేనట. నా నవలలన్నీ పోగేసి తగలబెడితే తట్టెడు బూడిద తేలుతుందన్నమాట. విమర్శకులకి ఈ సంగతి తెలియకపోవడమే మంచిది.

ఆ అమ్మాయి డబ్బాలోంచి తీసిన కాగితం వేరు. డబ్బా మీద వాట్మన్, 42 నంబరు అని వుంది. జేమ్స్ వాట్మన్ పద్ధెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండులోని కెంట్‌లో కాగితం చేసినాయన. టర్నర్ లాంటి చిత్రకారులు రంగులు వేసింది ఆయన పేరున్న కాగితం మీదే. ఆ పేరే తర్వాత ఈ వడపోత కాగితాలకీ వచ్చింది. శుభ్రమైన దూది నారతో చేసి, ఆసిడ్లతో కడిగి, అందులో వున్న కాసింత ఖనిజాన్నీ లాగేస్తారు. గాజుని కూడా తినేసే హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ కూడా అందులో ఒకటట. అంత శిక్ష పడ్డాక ఆ కాగితంలో మిగిలే బూడిద 0.007 శాతం. గ్రాము కాగితం కాలిస్తే మిల్లీగ్రాములో పదో వంతు కూడా మిగలదు. ఆ గదిలో వున్న తక్కెడ చూపగలిగిన అతి చిన్న బరువే మిల్లీగ్రాములో పదో వంతు. అంటే ఆ కాగితం కాలిపోయి తక్కెడకి కూడా కనిపించకుండా పోతుంది.

"దీన్ని బూడిద లేని కాగితం అంటాం అక్కా" అంది.

కర్పూరం గుర్తొచ్చింది నాకు. చెయ్యెత్తి దణ్ణం పెట్టబోయి ఆగాను.

ఇంకో గుణం కూడా వుంది దానికి. 2.5 మైక్రాన్లున్న నలుసుని కూడా వదలదు. మన తల వెంట్రుక మందం డెబ్భై మైక్రాన్లదాకా వుంటుందంటే, వూహించుకోండి. అందుకే చాలా నిదానంగా వడకడుతుంది. నేను కాళ్ళు పీక్కుపోయేలా నిలబడ్డాను. గరాటు కొసన బొట్టు తయారవుతుంది, వేలాడుతుంది, ఆలోచించుకుని పడుతుంది. పడ్డాక మళ్ళీ వేణ్ణీళ్ళు పోసి కడగాలి. కడిగిన నీళ్ళలో రెండు చుక్కలు సిల్వర్ నైట్రేట్ వేసి చూడాలి. తెల్లబడితే ఇంకా ఆసిడ్ వుందన్నమాట, మళ్ళీ కడగాలి.

"తొందరగా వడకట్టే కాగితం లేదా?" అన్నాను.

"వుంది, 41 నంబరు. గబగబా దిగిపోతుంది. కానీ అది ఇరవై మైక్రాన్ల నలుసుల్ని పడుతుంది గానీ అంతకంటే సన్నవాటిని నమ్మకంగా పట్టలేదు. సన్న ఇసుక జారిపోతే లెక్క తప్పుతుంది."

కూరగాయల బండి దగ్గర మేం నలుగురం వాడింది 41 కూడా కాదు, ఉల్లిపాయల గోనెసంచి అనుకుంటా. సన్నవన్నీ జారిపోయాయి. అవ్వ అన్న మాట, రోకలి పాడవదా అన్న మాట, జారిపోయింది. పదేళ్ళుగా ఒక్కనాడూ కారంలో ఇసుక రాలేదన్న సంగతి జారిపోయింది. పైన నిలిచింది నా కోపం ఒక్కటే.

ఇలా వడకట్టి, కాల్చి, తూచి నిజం తేల్చే ఈ పద్ధతి చిన్నదేమీ కాదు సుమండీ. మేరీ క్యూరీ టన్నుల కొద్దీ ఖనిజం ఉడికించి, వడకట్టి, చివరికి గ్రాములో పదోవంతు రేడియం క్లోరైడు సంపాదించింది. దానికి సిల్వర్ నైట్రేట్ కలిపి, అడుక్కి దిగిన తెల్లటి మడ్డిని తూచి, 1902లో రేడియం పరమాణుభారం 225 అని లెక్క కట్టింది. ఇవాళ మనకి తెలిసిన అంకె 226. గాజు కప్పు షెడ్డులో పనిచేసిన ఆడమనిషి తక్కెడ ఎంత నిజం చెప్పిందో చూడండి.

ఇంతకీ నేను చెప్పదలచుకున్నది ఇది కాదు. మా సాంపిళ్ళు మొదలెట్టకముందే ఆ అమ్మాయి ఇంకో పని చేసింది. వుత్త కాగితాన్ని, కారం ఏమీ లేకుండా, అదే ఆసిడ్‌తో, అదే నీళ్ళతో కడిగి, అదే కొలిమిలో కాల్చి తూచింది. తక్కెడ చివరి అంకె కాస్త అటూ ఇటూ వూగి ఆగింది. ఆ అంకె నోటు పుస్తకంలో మొదటి వరసలో రాసుకుంది.

"ఇదేమిటి? ఏమీ లేనిదాన్ని తూస్తున్నావు?"

"బ్లాంక్ అక్కా. మన కాగితం, మన నీళ్ళు, మన ఆసిడ్ ఎంత కలుపుతున్నాయో ముందు తెలుసుకుని, చివర్లో ఆ బరువు తీసెయ్యాలి. లేకపోతే మనం కలిపింది సాంపిల్ నెత్తిన పడుతుంది."

"అంత తక్కువే కదా, తియ్యకపోతే ఏం?"

"తక్కువని మనకెలా తెలిసింది? కాల్చి చూశాం గనక."

ఆ మాటతో నా కడుపులో ఏదో కదిలింది. ఎందుకంటే నాకు ఒక సంగతి గుర్తుంది. మర్చిపోయానని బొంకను. గుర్తుంది, కానీ లెక్కలోకి రానివ్వలేదు. ఆ ఏప్రిల్లో ఓ సాయంత్రం గాలిదుమారం లేచింది. నాలుగు చినుకులు కూడా పడ్డాయి. పాతచీర మీద ఆరబోసిన మిరపకాయలు డాబా అంతా చెదిరిపోయాయి. మా డాబా పాతది. గచ్చు పొరలు పొరలుగా లేచి వుంటుంది. వాన ముంచుకొస్తోందని చీపురుతో ఊడ్చి, చేటకెత్తి, సంచిలో పోశాను. జల్లించాలనుకున్నాను. మర్నాడు నవల తాలూకు వాయిదా. జల్లించలేదు.

ఫలితాలు వచ్చాయి. రెండు గ్రాముల కారంలో ఇరవయ్యారు మిల్లీగ్రాముల ఇసుక దాకా చట్టం ఒప్పుకుంటుంది. నా కారంలో అంతకి రెట్టింపు పైనే వుంది. ఎదురింటివాళ్ళ కారంలో దాన్లో సగం కూడా లేదు. ఇక నా డబ్బాలోని కాయలు, అవ్వ చెయ్యి పడని కాయలు, వాటిలో దాదాపు నా కారంలో వున్నంత ఇసుకా వుంది. చూపించింది కూడా. తెల్లటి సన్నటి ఇసుక. ఇటుకపొడి అయితే ఎర్రదనం వుండేదంది.

ఆ అమ్మాయి ఏమీ అనలేదు. పుస్తకంలో అంకెల కింద గీత గీసి నా వైపు తిప్పింది. అంతే.

అవ్వని నిలదీసే ముందు నేను నా బ్లాంక్ కాల్చుకోలేదు. ఇంత చిన్న మాటకి ఇంత కథా అంటారేమో. కానీ ఆలోచించి చూడండి, మన ఇళ్ళల్లో రోజూ ఎన్ని తీర్పులిస్తాం మనం! కోడలు పొగరుబోతు. ఆడబిడ్డ ఆశపోతు. పనిమనిషి చేతివాటం మనిషి. పక్కింటి పిల్ల తలబిరుసు. ప్రతి తీర్పులోనూ మన కాగితం బూడిద కాస్త కలుస్తూనే వుంటుంది. ఆ వేళ మన తలనొప్పి, పదేళ్ళ కిందటి మన అవమానం, మనం చేసి మరిచిపోవాలనుకున్న తప్పు. అన్నీ కలిపి తూచి, మొత్తం బరువు ఎదుటి మనిషి పేర రాసేస్తాం.

అలాగని బూడిదే లేని మనిషిగా మారిపొమ్మని ఎవరికైనా చెప్పగలమా? ఇక్కడ నాకు ఇంకో చిక్కు వచ్చింది. అది మిమ్మల్నే అడగాలి.

మా అమ్మ పోయినప్పుడు వచ్చినవాళ్ళందరూ ఒకే మాట అన్నారు. "తనకంటూ ఏమీ వుంచుకోలేదమ్మా. కర్పూరంలా వెలిగి పోయింది." విని మేం గర్వపడ్డాం. సంవత్సరీకం నాడు ఆవిడకి ఇష్టమైనవి వండాలని మా వదినా, నేనూ, అక్కా వంటింట్లో నిలబడ్డాం. ముగ్గురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. నాన్నకి ఇష్టమైనవి తెలుసు. అన్నయ్యకి ఇష్టమైనవి తెలుసు. మాకు ఇష్టమైనవన్నీ అమ్మే వండి పెట్టింది. అమ్మకి ఏ కూర ఇష్టమో ముగ్గురిలో ఒక్కరికీ తెలియలేదు. చివరికి నాన్నకి ఇష్టమైన వంకాయకూరే వండి ఆవిడకి పెట్టాం.

బూడిద మిగలని మనిషి అంటే అదీ.

అందుకే ఆ కాగితానికి దణ్ణం పెట్టబోయి ఆగాను. ఆడవాళ్ళని కూడా అలాగే తయారు చేస్తారు కదా అనిపించింది. ఒక్కో ఆసిడ్‌లో ఓసారి ముంచి తీసి, అది నీకు తగదు, ఇది నీకు పనికిరాదు అని, వాళ్ళ సొంతం అన్నదల్లా కడిగేసి, ఆఖర్ని ఎంత స్వచ్ఛమో చూడండని మెచ్చుకుంటారు.

కానీ రెంటికీ తేడా వుంది. కాగితం తన బరువు కలపకుండా పోయేది నిజం తేలడం కోసం. ఇసుక బరువు ఇసుకకే చెందాలని. అమ్మ తన బరువు లేకుండా పోయింది ఎవరి కోసం? దానివల్ల ఏ నిజం తేలింది? మా సౌకర్యం తప్ప అందులో నాకేమీ కనిపించలేదు. ఒకరి మీద తీర్పు చెప్పే వేళ మన బరువు అందులో పడకూడదు. బతికే వేళ మన బరువు మనకి వుండి తీరాలి. మనం చేస్తున్నది సరిగ్గా తలకిందులు. ఇంట్లో మన ఇష్టాయిష్టాల దగ్గర బూడిద లేని కాగితాలం. ఇతరుల తప్పుల దగ్గర తట్టెడు బూడిద పోసే కాగితాలం.

పైగా బూడిద అంత నీచమైనదేమీ కాదు. మా హనుమకొండలో 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి వుంది. శివుడున్న చోట విభూతి వుంటుంది. కాలగా మిగిలినదాన్ని తెచ్చి నుదుట పెట్టుకున్నారు మనవాళ్ళు. కాయకి దాని బూడిద వున్నట్టే ప్రతి మనిషికీ వుంటుంది. ఇష్టాలు, కోపాలు, పట్టుదలలు. అది స్వభావం. అది ఎంతో తెలుసుకుని, అవసరమైన చోట తీసివేసుకోగలిగితే చాలు. ఆ కాగితం చేసినవాళ్ళు కూడా బూడిద బొత్తిగా లేదని గొప్పలు పోలేదు. 0.007 శాతం అని అంకె చెప్పేశారు. ఆ అంకె చెప్పడంలోనే వుంది నిజాయితీ అంతా.

మిగిలిన సగం కూలీ తీసుకుని అవ్వ ఇంటికి వెళ్ళాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. చీపురు సంగతి కూడా చెప్పాను. అవ్వ డబ్బు తీసుకుంది. ఈసారి లెక్కపెట్టుకుంది.

"పైసలైతే తెచ్చినవు. నాలుగిండ్లల్ల చెప్పిన మాట మళ్ల తెస్తవా అమ్మా?" అంది.

నాలుగిళ్ళకీ వెళ్ళాను. ఇసుక నాదేనని చెప్పాను. ఇద్దరు విని, పాపం అన్నారు. ఒకావిడ నవ్వి వేరే మాట ఎత్తింది. ఇంకొకావిడ, "ఏమోనండీ, నిప్పు లేందే పొగ రాదు కదా" అంది. ఆ పొగ నాదేనని ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ వినలేదు. నేనన్న మాటని నేనే తుడవలేకపోయాను. ఆవిడ ఇంట్లో ఇప్పటికీ కారం గిర్నీలోనే పట్టిస్తారు.

ఈ వేసవిలో డాబా మీద కొత్త టార్పాలిన్ పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి మిరపకాయలు ఆరబోశాను. అవ్వ వచ్చింది. రోలు కడిగింది. కాయలు రోట్లో పోసే ముందు చేట అడిగి తీసుకుని, నా ఎదురుగా కూర్చుని, కాయలన్నీ దోసెడు దోసెడు పోసి చెరిగింది. ఇన్నేళ్ళలో ఏనాడూ అలా చెయ్యలేదు.

"నీ ముందల్నే చెరిగి పోస్తున్న. చూస్కో అమ్మా" అంది.

చూశాను. చేట అంచున చిటికెడు మన్ను మిగిలింది. అవ్వ చేట నా వైపు జరిపింది. తీసుకెళ్ళి మొక్కల్లో పోశాను.